అంగారకుల దండయాత్ర – నాటి చదువు, నేటి చదువు

బాల్యమున మనసునకు హత్తుకొనిన గ్రంథమును వార్ధక్యమున మరల తెఱచి చూచుట కొంచెము సాహసముతో కూడిన పని. నాడు ఏనుగంత కనిపించినది నేడు ఎలుకంత కనిపింపవచ్చును. ఆ భయముచేతనే పెక్కుమంది అట్టి గ్రంథముల జోలికి పోరు. పేరు తలచుకొని సంతోషించి ఊరకుందురు. మేమును చాలకాలము అట్లే యుంటిమి. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ వ్రాసిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' అను నవలను – 'లోకముల యుద్ధము' అని చెప్పుకొందము – మా పండ్రెండవయేట, ఎనిమిదవ తరగతిలో నుండగా చదివితిమి. ఉద్యోగవిరమణ యైన పిదప, 2020వ సంవత్సరమున, మహమ్మారి భయముచేత ఇల్లు కదలరాని మాసములందు, దానిని మరల చదివితిమి. ఈ మారు సంపూర్ణముగా. రెండు చదువుల నడుమ ఏబది సంవత్సరములు కొంచెము తక్కువగా గడచినవి. ఆ రెండును ఒకే గ్రంథము కాదని మాకు తోచినది. ఎట్లు కాదో విన్నవించుటకే ఈ వ్యాసము.

నాటి పుస్తకము నూఱు పుటలు దాటనిది. విద్యార్థుల కొఱకు కుదించినది. మాకు పూర్వము మఱి కొందఱు చదువగా అట్ట చిరిగినది. 1971 డిసెంబరు యుద్ధము జరుగుచుండిన దినములవి. రాత్రులందు దీపములు ఆర్పుకొనుట, పెద్దలు రేడియో చుట్టును మూగుట, విశాఖ సముద్రమున పాకిస్థాను జలాంతర్గామి 'ఘాజీ' మునిగినదని విని బడిలో కేకలు వేయుట – ఇవి యన్నియు పిల్లలమైన మాకు పండుగవలె నుండెను. అట్టి సమయమున ఈ పుస్తకము చేతికందినది. అంగారకగ్రహమునుండి గొట్టములవంటి వాహనములలో కొన్ని ప్రాణులు ఇంగ్లండుపై దిగును. మూడు కాళ్ల ఇనుప యంత్రములెక్కి తిరుగును. ఉష్ణకిరణముచేత ఊళ్లను కాల్చును. నల్లని పొగచేత జనులను చంపును. తుదకు భూమిపైని సూక్ష్మజీవులు సోకి తామే చచ్చును. ఇంతే మాకు తెలిసిన కథ. బడి విడిచిన పిమ్మట వెదురుకఱ్ఱలకు మెట్లు కట్టి, వాటిపై నిలిచి, మేము కొందఱము యంత్రములమై వీథులవెంట నడచెడివారము. అంగారకుడగుటకు అందఱును పోటీపడుటయు, మనుష్యుడగుటకు ఎవరును ఒప్పుకొనకపోవుటయు కారణముగా ఆ ఆట ఎన్నడును సరిగా సాగలేదు.

సంపూర్ణగ్రంథము రెండు భాగములు. మొదటి భాగమున పదునేడు ప్రకరణములు, రెండవ భాగమున పది. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవారము గనుక శంకరనారాయణగారి నిఘంటువును ప్రక్కన పెట్టుకొని నాలుగు మాసములు కూర్చుంటిమి. అన్ని మాటలును తెలిసినవని చెప్పము. కాని యుద్ధమును గూర్చిన ఈ నవలలో యుద్ధము ఎంత కొంచెము గలదో మాత్రము బాగుగా తెలిసినది. ఫిరంగులు పేలు పుటలు వ్రేళ్లమీద లెక్కపెట్టదగినవి. తక్కిన పుటలనిండ మనుష్యులు నడచుచుందురు, దాగుచుందురు, నీటికై వెదకుచుందురు.

గ్రంథచరిత్ర కొంత చెప్పవలెను. వెల్స్ 1866లో జన్మించెను. తండ్రిది చిన్న దుకాణము. తల్లి ఒక గొప్పవారి ఇంట గృహనిర్వాహకురాలు. బాల్యమున బట్టల కొట్టులో పని నేర్చుకొనుటకు కుదిరి, ఆ పనిని అసహ్యించుకొని, విడిచివచ్చి, లండనులో హక్స్లీ పండితునియొద్ద జీవశాస్త్రము చదివెను. ఈ నవల 1897లో 'పియర్సన్స్' అను మాసపత్రికలో ధారావాహికగా వచ్చి 1898లో గ్రంథరూపము దాల్చెను. అప్పటికి ఆంగ్లభాషలో 'రాబోవు యుద్ధము' కథలు వాడుకలో నున్నవి. వాటిలో పేరెన్నిక గన్నది 1871లో 'బ్లాక్‌వుడ్స్' పత్రికలో రచయిత పేరు లేకుండ వెలువడిన 'ది బ్యాటిల్ ఆఫ్ డోర్కింగ్'. జర్మనులని పాఠకుడు సులభముగా గ్రహింపదగిన సైన్యమొకటి ఇంగ్లండుపై దిగి, శిక్షణ చాలని స్వచ్ఛందసైనికులను చిత్తుగా ఓడించినట్లు అందలి కల్పన. దానిని వ్రాసిన జార్జి చెస్నీ బెంగాలు ఇంజనీర్ల దళమునకు చెందినవాడు. 1857లో ఢిల్లీ ముట్టడిలో గాయపడినవాడు. అట్టి కథల ఉద్దేశ్యము ఒక్కటే: సైన్యమును పెంచుకొనుడు, లేనిచో చెడుదురు అని సర్కారును హెచ్చరించుట. నాటి ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ఆ భయమును పోగొట్టుటకు బహిరంగముగా ప్రసంగింపవలసివచ్చెను. వెల్స్ ఆ చట్టమునే గైకొనెను. కాని ఎంత సైన్యము పెంచినను ప్రయోజనము లేని శత్రువును అందు ప్రవేశపెట్టెను. ఆ యొక్క మార్పుతో, దళములను ఫిరంగులను గూర్చి లెక్కలు చెప్పు కథ మనుష్యుని గూర్చిన కథ యైనది.

1895లో వెల్స్ వోకింగ్ అను పట్టణమున కాపురముండెను. అప్పుడే సైకిలు నేర్చుకొని, చుట్టుప్రక్కల తిరుగుచు, ఏ చోట్లను ఏ మనుష్యులను తన అంగారకులచేత నాశనము చేయింపవలెనో గుర్తు పెట్టుకొనెనని ఆయనయే తన ఆత్మకథలో చెప్పుకొనెను. అందుచేత ఈ నవలలోని ఊళ్లు, వంతెనలు, రైల్వేస్టేషనులు అన్నియు నిజమైనవి. మొదటి వాహనము హార్సెల్ మైదానమున పడును. జ్యోతిశ్శాస్త్రజ్ఞులు తెల్లజెండా పట్టుకొని మాటలాడబోయి ఉష్ణకిరణమునకు భస్మమగుదురు. ఆ మఱునాటి ఉదయమున కూడ పాలవాడు వచ్చును; రైళ్లు నడచును; ఇరుగుపొరుగువారు తోటపని చేసికొనుచు సైనికుల సామర్థ్యమును గూర్చి ముచ్చటింతురు. సంక్షేపప్రతిలో ఈ పాలవాడు లేడు. కథకు అక్కఱలేనివాడని తీసివేసి యుందురు. మా అభిప్రాయమున కథ అంతయు ఆతనియందే యున్నది. ఆపద మైలు దూరమునకు వచ్చినను దినచర్య తన అలవాటు కొలది సాగుచుండును. అలవాటు తెగినపుడు మాత్రము ఒక్క పూటలో అంతయు తెగును.

ఆ తెగుటయే మొదటి భాగమున పదునాఱవ ప్రకరణము: లండను ప్రజల వలస. కథకుని తమ్ముడు వైద్యవిద్యార్థి. ఆతని కన్నులతో ఈ భాగము చూపబడును. సోమవారము తెల్లవారకముందే పోలీసులు తలుపులు తట్టుదురు, గుడిగంటలు మ్రోగును. మధ్యాహ్నమునకు పోలీసు ఏర్పాటులును రైల్వే ఏర్పాటులును చెదరిపోవును. నిలువబడిన జనముమీదుగానే రైలింజను సాగును. తమ్ముడు సైకిలు దుకాణమును కొల్లగొట్టిన గుంపులో ముందువాడై ఒక బండి సంపాదించి బయటపడును. సజ్జనుడైన యువకుడే, ఐనను దుకాణము దోచుటకు సందేహింపడు. రచయిత దానిని తప్పనడు, ఒప్పనడు. ఆ పిదప బాటపై అరువదిలక్షల జనము. ధూళి, దాహము, తప్పుకొనుడను కేకలు. దేశపు ప్రధాన న్యాయమూర్తిని డోలీపై మోసికొని పోవుచుందురు. ఆయనకు గ్రుక్కెడు నీరు పుట్టదు. ఒకని చేతిసంచి పగిలి బంగారునాణెములు చెల్లాచెదరగును. బండిచక్రము నడుముమీదుగా పోయినను ఆతడు నాణెములకై చేయి చాచుచునే యుండును; ప్రక్కకు లాగి కాపాడబోయిన తమ్ముని మణికట్టు కఱచును. చదువుచున్న మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి.

మాకు ఆ పుటలు అంత గట్టిగా తగులుటకు వేఱొక కారణము కలదు. మేము బరంపురమువారము. మా ఎదురింట ఒక వృద్ధురాలు ఉండెడిది. అందఱును ఆమెను రంగం మామ్మ అనెడివారు. రంగమనగా రంగూను. గంజాము మొదలు గోదావరి వఱకు గల తీరమునుండి తెలుగువారు వేలకొలది ఓడలెక్కి బర్మాకు కూలికి పోయినవారే. యానామునకు చేరువనున్న కోరంగి రేవు పేరును బట్టి అక్కడివారు వీరిని కొరంగీలనిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. ఓడలు చాలక, కొందఱు కొండలు దాటి అరకాను వైపునకును, కొందఱు మణిపురము వైపునకును, లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరిరి. త్రోవలో పోయినవారి లెక్క సరిగా తేలలేదు. మామ్మ అట్లు నడచివచ్చినది. యుద్ధము చెప్పు మామ్మా, విమానములు చెప్పు మామ్మా అని పిల్లలము వేధించెడివారము. ఆమె విమానముల ఊసెత్తక, మూడవనాడు బరువని పాఱవేసిన ఇత్తడిచెంబును గూర్చియు, చెలమ యొద్ద నీటికి డబ్బు పుచ్చుకొనినవానిని గూర్చియు, కొండమలుపున కూర్చుండి మరల లేవని తన మరిదిని గూర్చియు చెప్పెడిది. ఇదేమి యుద్ధమని మేము నిరాశతో ఆటకు పోయెడివారము. ఏబదియేండ్ల పిమ్మట వెల్స్ గ్రంథమున ఆ చెంబే, ఆ చెలమయే కనిపించినవి. 2020 వేసవిలో పట్టణములనుండి నెత్తిన మూటలతో నడచిపోయిన కూలీలను దూరదర్శనమున చూచిన దినములలోనే దీనిని చదువుట తటస్థించెను. యుద్ధమనగా నడక అని బర్మానడక చూడని ఆంగ్లేయుడు 1897లో ఎట్లు తెలిసికొనెనో ఆశ్చర్యము.

భారతము చదివినవారికి ఇది క్రొత్త కాదనవచ్చును. తిక్కనసోమయాజి యుద్ధపర్వములు ముగిసినంతనే స్త్రీపర్వము వచ్చును. ఏ బాలుడు స్త్రీపర్వమును చదువును? అభిమన్యుని కొఱకు ద్రోణపర్వము, రథచక్రము క్రుంగుట కొఱకు కర్ణపర్వము, అంతటితో సరి. బాలురు తమంతట తాము విడిచి చదువుట వేఱు, పెద్దలు కత్తిరించి ఇచ్చుట వేఱు. విడిచినవాడు ఎప్పుడైన మరల వచ్చి చదువుకొనును. కత్తిరించి ఇచ్చినచో అచ్చట ఏదియో కలదనియే వానికి తెలియదు.

సంక్షేపకర్త కత్తిరించినవానిలో మిక్కిలి శోచనీయమైనది మొదటి ప్రకరణమునందే యున్నది. అంగారకులను క్రూరులని నిందించుటకు ముందు మనము చేసినది తలచుకొందమని రచయిత తన జాతివారినే హెచ్చరించును. అడవిదున్నలను, డోడో పక్షులను తుదముట్టించిన సంగతి చెప్పి, టాస్మేనియా దీవి మూలవాసులను ఐరోపా వలసదారులు ఏబది సంవత్సరములలో నిర్మూలించిరని స్పష్టముగా వ్రాయును. ఆ దీవి ప్రస్తావన తన అన్న ఫ్రాంక్ నోట వచ్చుటచేతనే ఈ కథ తనకు తట్టెనని వెల్స్ చెప్పెను. గ్రంథమును ఆయనకే అంకితమిచ్చెను. టాస్మేనియా మూలవాసులు పూర్తిగా అంతరించిరనుట నాటి పొరపాటు. వారి సంతతివారు నేటికిని ఉన్నారు, తమ ఉనికిని గుర్తింపజేసికొనుచున్నారు. ఐనను ఆ మాట వ్రాసిన కాలము చూడుడు. పత్రికలో ఈ కథ నడచుచుండిన 1897 జూను నెలలోనే లండను వీథులలో విక్టోరియా రాణి వజ్రోత్సవ ఊరేగింపు జరిగెను. సామ్రాజ్యమునకు హారతి పట్టుచున్న వేళ, మనవంటివారే ఆకాశమునుండి మనమీదికి వచ్చిన ఎట్లుండునో చూడుడని చెప్పుటకు గుండె కావలెను. ఏలబడినవారి బిడ్డలమైన మాకు ఈ గ్రంథమునందు ముందుగా చూపవలసిన వాక్యములు అవియే. అవియే తీసివేసి, ఏలినవారి భయమును మాత్రము మాకు సాహసకథగా చదివించిరి.

ఇక మా వృత్తిధర్మమునకు సంబంధించిన ఒక సంగతి. రెండవ భాగమున ఏడవ ప్రకరణమున, పట్నీ గుట్టపై కథకునకు ఒక ఫిరంగిదళపు సిపాయి తటస్థపడును. లోకము నాశనమైనను తనవద్ద గొప్ప పథకము కలదని ఆతడు చెప్పును. బలవంతులు నేలక్రింది మురుగుకాలువలలో దాగి, శాస్త్రములు నేర్చి, క్రొత్త జాతిని పెంచవలెనట. అందు గుమాస్తాలకు చోటు లేదు. పొద్దుట ఫలాహారము చేతపట్టుకొని, సీజను టికెట్టుతో రైలు తప్పిపోవునేమో యని పరుగెత్తువారు, ఉద్యోగము ఊడునేమో యని వణకువారు – వీరికి అంగారకులే తగిన యజమానులు, పంజరములో పెట్టి మేపినచో సంతోషముతో ఉందురు అని ఆతని తీర్పు. ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి, అందు పదునాఱు సంవత్సరములు నిజముగనే సీజను టికెట్టుతో రైలునకు పరుగెత్తిన మాకు ఈ మాటలు చదివినపుడు ఒడలు మండెను. నిఘంటువులో వేఱు అర్థమేమైన కలదేమో యని రెండుమార్లు చూచితిమి. లేదు.

ఐనను కొంచెము ముందునకు పోయి చూడుడు. ఇంత పథకము వేసిన ఆ వీరుడు మురుగుకాలువ వఱకు సొరంగము త్రవ్వుచున్నాడు గదా! వారము దినములలో త్రవ్వినది పది గజములు. ఒక్కనాటి పని అని కథకుడే తలచును. పలుగు పట్టి కొంతసేపు త్రవ్వి, విశ్రాంతి యనును, భోజనమనును, పిదప చుట్ట కాల్చి, షాంపేను త్రాగి, లండను పేటలను పందెముగా ఒడ్డి పేకాట ఆడుదమనును. గుమాస్తాలను పురుగులనినవాడు ఒక్క నాడైన గుమాస్తాపాటి పని చేయలేనివాడు! కథకుడు సిగ్గుపడి ఆతనిని విడిచిపోవును. ఈ ప్రకరణమును చదివి వెల్స్ స్వయముగా ఆ సిపాయి పక్షమువాడని తలచు విమర్శకులు కలరు. 1901లో వెల్స్ ప్రకటించిన 'యాంటిసిపేషన్స్' అను గ్రంథమున అసమర్థులను గూర్చి కఠినమైన భావములు ఉండుట నిజమే. వాటిని మేము సమర్థింపము. కాని పథకములు వేయు వెల్స్ కంటె కథలు చెప్పు వెల్స్ తెలివైనవాడని మా నమ్మకము. బట్టలకొట్టులో గజముకఱ్ఱ పట్టినవాడు, గుమాస్తా పరుగును నవ్వుటకు ఎంత చక్కగా వర్ణించెనో, నవ్వినవాని పలుగును అంత చక్కగా ఆపివేసెను. పైగా, పదునాఱవ ప్రకరణమున నగరము కూలినది ఎప్పుడు? రైలుకు వేళ తప్పినపుడు, పోలీసు లెక్క తప్పినపుడు. వేళకు పరుగెత్తువారు పరుగెత్తుచున్నంతవఱకు అది నిలిచియే యున్నది.

తెల్లవారినది మొదలు మంచిచెడ్డలను గూర్చి ఉపన్యసించువారికి కూడ ఇందు ఒక అద్దము కలదు. కథకుడు నాగరికతతో పాటు నీతిభావములు ఎట్లు వృద్ధిపొందునో అను విషయమున వ్యాసము వ్రాయుచున్న పండితుడు. అంగారకుల గోతిప్రక్కన కూలిన ఇంటిలో ఒక పాదిరితో చిక్కుపడి, ఆకలికి మతి తప్పిన ఆ పాదిరి కేకలు వేయగా, శత్రువు వినునను భయమున మాంసము కొట్టు కత్తి మడమతో ఆతనిని పడగొట్టును. మా బడిప్రతిలో పాదిరి 'మరణించెను' అని మాత్రమే యున్నది. ఉద్యోగకాలమున ఇట్టి వాక్యములను మేమును దస్త్రములలో వ్రాసియున్నారము గనుక వాని నిర్మాణము తెలియును. తుదకు ఇల్లు చేరిన కథకునకు తన వ్యాసము బల్లపై విడిచినచోటనే కనిపించును. రాబోవు రెండువందల యేండ్లలో జరుగబోవునదేదో చెప్పబోయి సగములో ఆగిన వాక్యముతో. వార్తాపత్రిక పిల్లవాని కేక విని లేచిపోయినపుడు ఆగిన వాక్యమది. దానిని పూర్తిచేయింపకపోవుట రచయిత గొప్పతనము.

సూక్ష్మజీవులచేత శత్రువు నశించుట బాల్యమున మాకు మోసముగా తోచెను. గెలిచినవాడు లేని యుద్ధమేమి యని మా కోపము. ఇప్పుడు చూడగా గ్రంథము మొదటి వాక్యమునందే ఆ ముగింపునకు విత్తనము కలదు: నీటిబొట్టులోని క్రిములను సూక్ష్మదర్శినిలో మనము చూచునట్లు అంగారకులు మనలను చూచుచుండిరని పోలిక. ఆ క్రిములే తుదకు తీర్పు చెప్పును. నడుమ, అంగారకులతో వచ్చి నదులను క్రమ్మిన ఎఱ్ఱకలుపు కుళ్లి నశించుట మఱియొక సూచన. హక్స్లీ శిష్యుడు లెక్క తప్పలేదు. కాని 1898లో క్రిమి మనుష్యుని పక్షమున నిలిచెనని చదువుచు, 2020లో దాని భయముచేతనే ఇంట బందీలమై కూర్చుండుట చిత్రముగా నుండెను.

వెల్స్ భవిష్యత్తును చెప్పెననుట పరిపాటి. నల్లపొగ కథ వెలువడిన పదునేడేండ్లకు, 1915 ఏప్రిల్ 22న ఈప్ర వద్ద జర్మనులు విషవాయువు విడిచిరి. 1903లో వ్రాసిన 'ల్యాండ్ ఐరన్‌క్లాడ్స్' కథలోని భూమిపై నడచు ఉక్కుకోటలు 1916 సెప్టెంబరు 15న సోమ్ రణరంగమున టాంకులై కదలెను. 1914లో 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' అను నవలలో అణుబాంబు అను పేరే పెట్టెను, దానిని 1932లో చదివిన లియో సిలార్డ్ అను శాస్త్రవేత్త మఱుసటి యేట అణుశృంఖల ప్రక్రియను ఊహించెను, 1945లో హిరోషిమా. ఇవి వినగానే మనవారిలో కొందఱు, ఇవన్నియు మన ఆగ్నేయాస్త్ర బ్రహ్మాస్త్రములే కదా యందురు. అట్టి పోలికలతో వాదము పెంచుట మాకు రుచింపదు. పోలిక చేసినచో ఒక్కటి చేయవలెను. మన పురాణములలో అస్త్రమునకు ఉపసంహారము కలదు. సౌప్తికపర్వమున అర్జునుడు అస్త్రమును మరలించుకొనెను. అశ్వత్థామకు మరలించుట చేతగాక అది ఉత్తర గర్భముపై పడెను. వెల్స్ కల్పించిన అణుబాంబు ఒకమారు పేలి ఊరకుండునది కాదు. దినములు, మాసములు పేలుచునే యుండును. ఆపు మంత్రము ఎవరికిని తెలియదు. అంగారకుల ఉష్ణకిరణము కూడ అట్టిదే. అంగారకులనుచు ఎవరును లేరని 1965లో 'మారినర్ 4' పంపిన చిత్రములతో చాలవఱకు తేలిపోయెను. 2013లో శ్రీహరికోటనుండి బయలుదేరిన మన మంగళయానము 2014 సెప్టెంబరు 24న ఆ గ్రహకక్ష్యను చేరినపుడు, పైనుండి చూచువారు ఇప్పుడు మనమైతిమి గదా యని మేము నవ్వుకొంటిమి.

ఈ గ్రంథమున లోపములు లేవనరాదు. రెండవ భాగమున అంగారకుల దేహనిర్మాణమును వర్ణించు ప్రకరణము పాఠ్యపుస్తకమువలె సాగును. సంక్షేపకర్త దానిని కుదించుటయందు తప్పు లేదు. కథకుని భార్యకు పేరైన లేదు. లెదర్‌హెడ్ అను ఊరిలో విడువబడి, కథయంతయు కనుమఱుగై, చివర మరల ప్రత్యక్షమగును. అంత నాశనమైన పిదప అంత సులభమైన కలయికను మేము నమ్మలేకపోతిమి. ఆమెకంటె, వలసబాటలో రివాల్వరు పట్టి దొంగలను తఱిమిన ఎల్ఫిన్‌స్టన్ కన్యక మేలు. 'థండర్ చైల్డ్' అను యుద్ధనౌక మంటలలో చిక్కియు రెండు యంత్రములను పడగొట్టి మునుగు ఘట్టము బాల్యమున ఎట్లు ఒడలు పులకరింపజేసెనో నేటికిని అట్లే చేసినది. అచ్చట మాత్రము మా వయస్సు మమ్ము విడిచిపోయెను. ఈ కథ ఆధారముగా 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ నడపిన రేడియో నాటకము విని దేశమంతయు పరుగులెత్తెనను మాట పత్రికలు పెంచి చెప్పినదని ఇప్పటి పరిశోధకులు తేల్చిరి. 1953లోను 2005లోను వచ్చిన చలనచిత్రములు కథను అమెరికాకు తరలించినవి. టాస్మేనియా మాట వాటిలో వెదకుట వృథా.

వెల్స్ 1946లో మరణించినందున మన దేశమున ఆయన గ్రంథములపై హక్కుల కాలము 2006తో ముగిసినది. ఎవరైనను అచ్చువేయవచ్చును, అనువదింపవచ్చును. అందుచేత నేడు అంగడులలో చౌకప్రతులు అనేకము. మన సంఘముల గ్రంథాలయములకు, ఇంటిపిల్లలకు దీనిని కొనువారు అట్టమీది యంత్రము బొమ్మను చూచి కొనరాదు. మొదటి భాగమున పదునేడు, రెండవ భాగమున పది ప్రకరణములు ఉన్నవో లేదో లెక్కించి, తొలి ప్రకరణమున టాస్మేనియా పేరు కనిపించినదో లేదో చూచుకొని, పిదప డబ్బు చెల్లింపవలెను.